కంచె దాటిన పాలసీసా

పిచ్చుక బడి నుంచి వచ్చేసరికి పెరట్లోంచి రెండు రకాల అరుపులు వినిపిస్తున్నాయి.

ఒకటి రోజూ వినేదే. తల్లిపాలు లేని గొర్రెపిల్లలు సీసాపాల కోసం పెట్టే గోల అది. వాటన్నిటిలోకీ గట్టిగా అరిచేది బొత్తాం. దాని తెల్లటి ఒంటి మీద, సరిగ్గా ఎదురురొమ్ము దగ్గర, గుండ్రటి నల్లమచ్చ ఒకటి ఉంది. చొక్కాకి బొత్తాం కుట్టినట్టే ఉంటుంది. అది పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోయింది. అప్పట్నుంచీ పిచ్చుకే దానికి తల్లి.

రెండో అరుపు కొత్తది. సన్నగా, ఆగి ఆగి వస్తోంది. పెరటికి అవతలి చివర, వేరుగా కంచె కట్టిన చిన్న పాకలోంచి వస్తోంది.

నాన్న ముందురోజే సంతలో కొన్ని గొర్రెల్ని కొని తెచ్చాడు. వాటిలో ఒకదానికి పాలు తాగే పిల్ల ఉంది. అరుస్తున్నది అదే.

"అమ్మా, ఆ కొత్తపిల్ల ఎందుకలా ఏడుస్తోంది?"

అమ్మ కుట్టుమిషన్ ఆపింది. "దాని తల్లికి పాలు చాలట్లేదట. పొద్దునా సాయంత్రం మీ నాన్న సీసాతో పాలు పడుతున్నాడులే. నువ్వు మాత్రం అటు పోకు. కంచెకి తీగ ఉంది, గీసుకుంటుంది. గీసుకుంటే సెప్టిక్ అవుతుంది. సెప్టిక్ అయితే ఇంక ఆసుపత్రే."

"నేనింకా బ్యాగ్ కూడా దించలేదమ్మా. అప్పుడే ఆసుపత్రిలో చేర్పించేశావు."

అమ్మ అంతే. ఏదీ జరగకముందే అంతా జరిగిపోయినట్టు ఆమె కళ్ళకి కనిపిస్తుంది. పాలు పొంగితే ఇల్లు అంటుకున్నట్టు, పిచ్చుక ఒక్క తుమ్ము తుమ్మితే మంచం పట్టినట్టు. అందుకే ఆమె మాటల్లో ఏవి నిజంగా భయపడాల్సినవో పిచ్చుకకి ఎప్పుడూ తెలిసేది కాదు.

కొత్త గొర్రెల విషయంలో నాన్నకి ఒక పద్ధతి ఉంది. బయటి నుంచి వచ్చిన జీవాన్ని ఆయన వెంటనే మందలో కలపడు. కొన్ని వారాలు వేరే పాకలో ఉంచుతాడు. వాటికి వేరే తొట్టి, వేరే బకెట్, వేరే సీసా. ఆ పాకలోకి వెళ్ళడానికి ఆయన చెప్పులు కూడా వేరే. ముందు సీసాపాల పిల్లల పని, తర్వాత మంద పని, అన్నీ అయ్యాకే కొత్తవాటి పని. అక్కడి నుంచి నేరుగా స్నానానికి పోతాడు తప్ప ఇంకే గొర్రెనీ ముట్టుకోడు.

"అవేం దొంగతనం చేశాయని నాన్నా, జైల్లో పెట్టావు?" అని పిచ్చుక ముందురోజే అడిగింది.

"జైలు కాదురా, వెయిటింగ్ రూమ్," అన్నాడు నాన్న. "చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి. లోపల ఏ జబ్బుందో వాటికే తెలీదు. బయటపడడానికి కొంత టైం పడుతుంది. అందాకా ఆగితే మనకే మంచిది."

అప్పుడు పిచ్చుక బుద్ధిగా తలూపింది. కానీ ఇప్పుడు నాన్న ఇంట్లో లేడు. దాణా కొనడానికి వెళ్ళాడు. అమ్మ మళ్ళీ మిషన్ తొక్కుతోంది. ఆ పిల్ల అరుస్తూనే ఉంది.

పిచ్చుక పాలు గోరువెచ్చగా కలిపి సీసాలో పోసింది. రబ్బరు పీక బిగించింది. బొత్తాం వైపు నాలుగడుగులు వేసి ఆగింది. బొత్తాం పొట్ట నిండుగానే ఉంది. అది ఆకలికి కాదు, అలవాటుకి అరుస్తోంది. ఆ కొత్తపిల్ల డొక్కలు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి.

ఆమె కంచె దగ్గరికి వెళ్ళింది. తలుపు తియ్యలేదు. గడియ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తీగల మధ్య నుంచి సీసా లోపలికి పెట్టింది. కొత్తపిల్ల పరిగెత్తుకొచ్చి పీకని పట్టుకుని, తోక టపటపా ఊపుతూ గటగటా తాగింది. అరుపు ఆగిపోయింది.

పిచ్చుకకి గుండెలో ఏదో చల్లగా అనిపించింది. పీకని గౌను అంచుతో తుడిచింది. సీసాలో మిగిలిన పాలు బొత్తానికి పట్టింది. తర్వాత అదే సీసా నింపి మిగతా పిల్లలకి పట్టింది.

తలుపు తియ్యలేదు కదా అనుకుంది. ఇదీ అదీ కలవలేదు, అది ఇటు రాలేదు. నాన్న చెప్పిన మాట తప్పినట్టు కాదు.

మర్నాడు కూడా అలాగే చేసింది. ఆ మర్నాడూ అంతే. కొత్తపిల్ల ఆమె బడి నుంచి వచ్చే వేళకి కంచె పక్కనే నిలబడడం నేర్చుకుంది. బళ్ళో పక్కన కూర్చున్నవాళ్ళకి ప్రతిదీ చెప్పేసే పిచ్చుక, పొద్దస్తమానం వాగుతుందనే ఆ పేరు తెచ్చుకున్న పిచ్చుక, ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

*

ఒక ఆదివారం పొద్దున నాన్న కొత్తవాటి పాకలోంచి గబగబా బయటికి వచ్చాడు. కొత్తపిల్ల పెదవి చివర ఎర్రగా కందింది. దాని మీద చిన్న చిన్న పొక్కులు, ఒక పక్క నల్లగా పక్కు కట్టింది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. గ్లౌజులు వేసుకుని పిల్ల మూతి పైకెత్తి చూసింది.

"మూతి పుండ్ల జబ్బు. వైరస్ వల్ల వస్తుంది," అంది. "పెద్ద గొర్రెలు చాలావరకు తట్టుకుంటాయి. పిల్లలతోనే చిక్కు. మూతి మంటకి పాలు తాగలేవు. తాగకపోతే నీరసించిపోతాయి. తాగే పిల్ల నుంచి తల్లి పొదుగుకి కూడా అంటుకుంటుంది. అప్పుడు తల్లి పిల్లని దగ్గరికి రానివ్వదు."

"మందు లేదా అండీ?"

"వైరస్‌ని చంపే మందు లేదు. పుండ్లు శుభ్రంగా ఉంచుతూ, ఎలాగోలా పాలు లోపలికి పోయేలా చూడాలి. చాలావరకు వాటంతటవే మానతాయి. ఈ పక్కులు రాలితే మాత్రం జాగ్రత్త. వాటిలో వైరస్ నెలల తరబడి ఉంటుంది. మనుషుల చేతులకి కూడా వస్తుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి."

తర్వాత ఆమె పెరడంతా ఒకసారి చూసింది. "ఈ పాకలో వస్తువేదైనా అటు వెళ్ళిందా? బకెట్, సీసా, ఏదైనా?"

పిచ్చుక నాన్న పక్కనే నిలబడి ఉంది.

"లేదండీ," అన్నాడు నాన్న. "ఆ విషయంలో మా ఇంట్లో అందరం గట్టిగా ఉంటాం. పదేళ్ళ మా అమ్మాయి కూడా అటు తొంగిచూడదు." అని పిచ్చుక తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా అనిపించింది ఆమెకి.

"మంచి పని చేశారు. చాలామంది తెచ్చినరోజే కలిపేస్తారు, తర్వాత మమ్మల్ని పిలుస్తారు."

"సీసాపాల పిల్లల్ని పెద్ద కొట్టంలోకి మారుద్దామనుకుంటున్నానండీ. చలి పెరిగింది, అక్కడైతే వెచ్చగా ఉంటుంది."

"ఈ పాకతో ఏ సంబంధమూ లేకపోతే మార్చుకోండి. ఏ కాస్త అనుమానం ఉన్నా వద్దు."

"అనుమానం లేదండీ."

పిచ్చుక నోరు తెరిచింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. కానీ నాన్న ముఖంలో ఉన్న సంతోషం చూసింది. ఇప్పుడు చెబితే డాక్టరమ్మ ముందు ఆయన తల దించుకోవాలి. బొత్తాం వైపు చూసింది. అది చెంగుచెంగున ఎగురుతోంది. దానికేం కాలేదు కదా, ఇంక కాదేమో అనుకుంది.

నోరు మూసుకుంది.

డాక్టరమ్మ వెళ్ళాక సీసాని వేడినీళ్ళతో, సబ్బుతో తోమింది. మళ్ళీ తోమింది. పీక మీద గొర్రెపిల్లల పళ్ళు పడిన సన్నటి గీతలున్నాయి. వాటిలోకి ఆమె వేలు పోలేదు, పీచూ పోలేదు. ఆ సీసాని అటక మీద పెట్టేసి, బొత్తానికీ మిగతావాటికీ రెండో సీసాతో పాలు పట్టడం మొదలుపెట్టింది. ఇంక దాన్ని ఎవరూ వాడరు, సంగతి అయిపోయింది అనుకుంది.

మర్నాడు సాయంత్రం నిచ్చెన వచ్చింది. పొడుగ్గా ఉంటుందని క్లాసులో ఆ అమ్మాయిని అందరూ అలా పిలుస్తారు. నిచ్చెన వాళ్ళమ్మానాన్నల్ని పిచ్చుక అత్తా, మామయ్యా అని పిలుస్తుంది. వాళ్ళకీ గొర్రెలున్నాయి.

"మా దొడ్లో ఒక తల్లి కవలల్ని ఈనింది. చిన్నదాన్ని దగ్గరికి రానివ్వట్లేదు. మా సీసా పీక చిరిగిపోయింది. మీది ఇవ్వవా, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాను."

"మాకే కావాలి."

"మీకు రెండున్నాయిగా. అదిగో, అటక మీద ఒకటి ఖాళీగా కూర్చుంది. అబ్బో, పిసినారి పిచ్చుక."

ఇవ్వనంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. పిచ్చుక స్టూలెక్కి సీసా తీసి ఇచ్చింది.

"బాగా కడిగి వాడండి," అంది.

"మేమేమన్నా మురికివాళ్ళమా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది నిచ్చెన.

*

నాన్న సీసాపాల పిల్లల్ని పెద్ద కొట్టంలోకి మార్చాడు. బొత్తాం అక్కడ పిల్లలు గల తల్లుల మధ్య దూరి, దొరికిన పొదుగునల్లా పట్టుకుని దొంగపాలు తాగింది. నాన్న చూసి నవ్వాడు. "దీనికి ఇన్నాళ్ళకి పెళ్ళిభోజనం దొరికింది," అన్నాడు.

ఆ వారంలోనే బొత్తాం పెదవి చివర ఎర్రగా కందింది.

మరో రెండు రోజులకి మూతంతా పొక్కులు లేచాయి. మిగతా సీసాపాల పిల్లలకీ వచ్చాయి. తర్వాత తల్లుల దగ్గర తాగే పిల్లలకి. తర్వాత తల్లుల పొదుగులకి. పిల్ల మూతి పెట్టగానే తల్లి నొప్పికి కాలితో తన్నడం మొదలుపెట్టింది. ఒక మూల పిల్లల అరుపులు, ఒక మూల తల్లుల అరుపులు. కొట్టంలో చెవిన మాట పడేది కాదు.

నాన్నకి ఏమీ అర్థం కాలేదు. కొత్తవాటి పాకలో వేసుకునే చెప్పుల్ని తీసుకెళ్ళి తగలబెట్టాడు. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది ఎర్రగా చేసుకున్నాడు.

"ఎక్కడ తప్పు చేశాను?" అని అమ్మని అడిగేవాడు. "ఆ రోజు వాన పడింది కదా, స్నానం చెయ్యకుండా ఒక్క నిమిషం మందలోకి వెళ్ళానేమో. గుర్తు రావట్లేదు. వెళ్ళే ఉంటాను."

"నేను మొదట్నుంచీ భయపడుతూనే ఉన్నాను," అంది అమ్మ. కానీ ఈసారి ఆమె గొంతులో నేనన్నట్టే అయింది అనే ధీమా లేదు. నిజంగా భయపడాల్సింది వచ్చినప్పుడు అమ్మ ఎక్కువ మాట్లాడదని పిచ్చుకకి అప్పుడే తెలిసింది.

పిచ్చుక గ్లౌజులు వేసుకుని చెంచాతో బొత్తానికి పాలు పట్టేది. పాలు నోట్లోకి పోయేవి, పెదవి మంటకి అది తల విదిలించేది, పాలు బయటికి వచ్చేవి. ఒకప్పుడు ఆమె అడుగుల చప్పుడుకే పరిగెత్తుకొచ్చే పిల్ల, ఇప్పుడు చెంచా చూస్తే ముఖం పక్కకి తిప్పుకునేది. డాక్టరమ్మ వచ్చి దాని ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసింది. జ్వరానికి సూది వేసింది.

"ఇది తల్లిపాలు తాగని పిల్ల కదా. మిగతావాటికున్న ఓపిక దీనికి లేదు," అంది.

ఒక బుధవారం పొద్దున పిచ్చుక కొట్టంలోకి వెళ్ళేసరికి నాన్న గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు గోనెపట్టా మీద బొత్తాం పడుకుని ఉంది. దాని మెడ పక్కకి వాలి ఉంది. నల్లమచ్చ పైకీ కిందికీ కదలడం లేదు.

నాన్న ఆమెని చూసి గబుక్కున లేచాడు. తర్వాత ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించు తల్లీ," అన్నాడు. "నీ బొత్తానికి రోగం నేనే తెచ్చిపెట్టాను. జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. ఎక్కడో నా చేతులతోనే తెచ్చాను."

పిచ్చుకకి ఏడుపు రాలేదు. నాన్న చేతులు చూసింది. సబ్బుకి పగిలి, వేళ్ళ సందుల్లో రక్తపు చారలున్నాయి.

"నువ్వు తేలేదు నాన్నా," అంది.

"ఊరుకో తల్లీ, నన్ను ఓదార్చక్కర్లేదు."

"నువ్వు తేలేదు. నేను తెచ్చాను. ఆ కొత్తపిల్లకి నేను పాలు పట్టాను. కంచెలోంచి. రోజూ. అదే సీసా బొత్తానికి పెట్టాను. అందరికీ పెట్టాను."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ చేతిలో బకెట్ కిందపెట్టి పరుగున వచ్చి, పిచ్చుక చేతులు రెండూ పట్టుకుని ఒక్కో వేలూ తిప్పి తిప్పి చూసింది. పొక్కులేమీ లేవు. అయినా వదల్లేదు.

"తలుపు తియ్యలేదు నాన్నా," అంది పిచ్చుక. ఇన్నాళ్ళూ ఆమెకి ధైర్యమిచ్చిన మాట అది. పైకి అన్నాక దానికి ఏ అర్థమూ లేదని తెలిసింది.

నాన్న అడిగాడు. "డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"అప్పటికి మందలో కలపలేదు. నువ్వు చెప్పి ఉంటే పిల్లల్ని అక్కడే ఆపేసేవాణ్ణి. మిగతా మందకి రాకపోను."

"బొత్తానికి?"

నాన్న అబద్ధం చెప్పలేదు. "దానికి అప్పటికే వచ్చేసి ఉంటుంది. కానీ తెలిసుంటే ముందే కనిపెట్టుకుని ఉండేవాళ్ళం."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

"ఆకలికి ఏడుస్తోందని పట్టావు," అన్నాడు నాన్న గోనెపట్టా అంచు బొత్తాం మీదికి లాగుతూ. "నాతో ఒక్క మాటంటే మధ్యాహ్నం కూడా నేనే పట్టేవాణ్ణి. దానికి వేరే సీసా ఉంది కదరా. ఇంతకీ నువ్వు వాడిన సీసా ఏది?"

పిచ్చుకకి అప్పుడు గుర్తొచ్చింది.

"నిచ్చెన వాళ్ళింట్లో ఉంది. డాక్టరమ్మ వచ్చి వెళ్ళాక ఇచ్చాను."

"తెలిసి ఇచ్చావా?" అంది అమ్మ.

"కడిగి ఇచ్చాను." తర్వాత నేల చూస్తూ, "తెలిసే ఇచ్చాను," అంది.

నాన్న లేవబోయాడు. "నేను వెళ్ళి చెప్పొస్తాను."

"నేనిచ్చాను నాన్నా. నేనే చెబుతాను."

"ఒక్కదానివేనా? రోడ్డు దాటాలి, లారీలు..." అని మొదలుపెట్టిన అమ్మ, కూతురి ముఖం చూసి ఆగిపోయింది. "తలస్నానం చేసి వెళ్ళు. ఉతికిన బట్టలు తీసి పెడతాను. కొట్టంలో వేసుకున్న చెప్పులతో పోకు," అంది.

*

నిచ్చెన గేటు దగ్గరే ఉంది. పిచ్చుకని చూసి తలుపు తియ్యబోయింది.

"రా రా, ఇవాళ బడికి రావా? తల తడిగా ఉందేంటి, ఇంత చలిలో?"

పిచ్చుక బయటి నుంచి గడియ పట్టుకుని తలుపు తెరుచుకోకుండా ఆపింది.

"తియ్యకు. నేను లోపలికి రాను. నువ్వు కూడా నా దగ్గరికి రాకు. అత్తని పిలువు."

"ఏం ఆట ఇది?"

"ఆట కాదు. అత్తని పిలువు."

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిచ్చుక రోడ్డు మీద నిలబడే చెప్పింది. కంచెలోంచి పాలు పట్టడం, పక్కులు కట్టిన మూతి, డాక్టరమ్మ అడగడం, తను నోరు మూసుకోవడం, తెలిసి తెలిసి సీసా ఇవ్వడం. ఏదీ దాటెయ్యలేదు.

"మరి నేను అడిగినప్పుడే చెప్పొచ్చుగా," అంది నిచ్చెన. "నిన్ను పిసినారి అన్నానని కక్ష కట్టావా? మా చిన్నది ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. మీకైతే బొత్తాం బాగానే ఉందిగా."

"పొద్దున చచ్చిపోయింది."

నిచ్చెన తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది.

అత్త ముఖం గంటు పెట్టుకుంది. పిచ్చుకని ఒక్క మాట కూడా అనకుండా పెరటి వైపు తిరిగి కేకేసింది. "ఏవండీ, ఆగండి. దాన్ని మందలో వదలకండి, మూతి పుండ్ల జబ్బు అంటిందేమో."

పెరటి గట్టు మీద మామయ్య నడుస్తున్నాడు. ఆయన భుజం మీద ఒక చిన్న గొర్రెపిల్ల ఉంది. ఇంకో పది అడుగుల్లో మంద ఉంది.

"ఏమైంది? మూతి బాగానే ఉంది కదా దీనికి," అన్నాడు ఆయన అక్కడి నుంచే.

"బాగానే ఉన్నా సరే. వెనక్కి తీసుకురండి. దేనికీ తగలనివ్వకండి."

మామయ్య వెనక్కి తిరిగాడు. పిల్ల ఆయన భుజం మీంచి మంద వైపు చూసి సన్నగా అరిచింది. దానికి జబ్బు వస్తుందో రాదో అప్పుడే ఎవరూ చెప్పలేరు. పిచ్చుక గడియ ఇంకా వదల్లేదు.

"అత్తా, ఆ సీసా ఎక్కడుంది? పారేద్దాం."

అత్త నిట్టూర్చింది. "ఇక్కడ లేదమ్మా. మేం కొత్త పీక కొనుక్కున్నాం. నిన్న చివరింటి తాతయ్య అడిగితే ఇచ్చాం. వాళ్ళకీ ఒక పిల్ల ఉంది."

చివరింటి తాతయ్యకి కోపం ఎక్కువ. బంతి వాళ్ళ గోడ దాటితేనే ఊరంతా వినపడేలా అరుస్తాడు. పిచ్చుక వెనక్కి తిరిగి తన ఇంటివైపు చూసింది. నాన్నని పిలిస్తే వస్తాడు.

ఆమె పిలవలేదు. రోడ్డు అంచునే చివరింటి దాకా నడిచింది. గేటుకి కాస్త ఎడంగా ఆగింది. లోపలి నుంచి గొర్రెపిల్ల పాలు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తాతయ్యా," అని గట్టిగా పిలిచింది పిచ్చుక. "పాలు పట్టడం ఆపండి. ఆ సీసా నాది. మీకొక సంగతి చెప్పాలి."